సూర్యుడు ఏ వైపు అస్తమిస్తాడు?

చెన్నై, వడపళని

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ లఘుచిత్రం స్క్రిప్ట్ మీ పెదనాన్న తెచ్చి ఇచ్చారు. పన్నెండు పేజీలూ రెండుసార్లు చదివాను. అక్కాచెల్లెళ్ల మాటల్లో ప్రాణం ఉంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఇక మీదట అంతా పేచీయే కనుక.

పదో పేజీలో 'సముద్రంలో సూర్యుడు అస్తమిస్తుంటాడు' అని రాశావు. మన బెసంత్ నగర్ బీచ్‌లో అది జరగదు. మనకు సముద్రం తూర్పున ఉంది. సాయంత్రం సూర్యుడు నీ వెనక మేడల చాటుకు దిగిపోతాడు. నవ్వుకోకు, ఒకప్పుడు నేనూ ఇదే రాశాను. చిన్నప్పుడు మైపాడు తీరాన పొద్దుపొడుపు చూస్తూ పెరిగినవాణ్ని, కాగితం మీదికి వచ్చేసరికి బొంబాయి సినిమాల సాయంత్రాన్ని పట్టుకొచ్చాను. ఏడుగురం కెమెరాను సముద్రం వైపు నిలబెట్టుకుని కూర్చున్నాం. కెమెరామన్ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, టీ తాగుదాం రండి అన్నాడు.

ఆ సన్నివేశాన్ని తెల్లవారుజాముకు మార్చు. జనవరిలో ఇక్కడ 6:35 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. ఆ మెత్తని వెలుగు అరగంటకు మించి ఉంటుందని నమ్ముకోవద్దు. నువ్వు రాసిన పదకొండు షాట్లు అందులో ఇమడవు. సముద్రం కనిపించే రెండు వైడ్ షాట్లు ముందు తీసుకోండి. క్లోజప్‌లు ఎండ ముదిరాక కూడా నీడపట్టున తీసుకోవచ్చు, ఒకరు తెల్ల థర్మోకోల్ అట్టతో వెలుగును ముఖం మీదికి మళ్లిస్తే చాలు. ఏ మాట ఏ షాట్‌లో పడుతుందో రాసేటప్పుడే నీకు తెలిసి ఉండాలని ఇంత చెబుతున్నాను. షూటింగ్ నవంబరులో అనుకుంటున్నారట, వద్దు. చెన్నైకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు వరకే, అద్దె కెమెరాతో ఆ జూదం ఎందుకు?

ఇక శబ్దం. నన్ను ఎక్కువగా భయపెట్టింది ఇదే. అలల పక్కన నువ్వు మూడు పేజీల సంభాషణ పెట్టావు. అక్క మాట వెనక ఒక అల విరుగుతుంది. చెల్లెలి జవాబుకు కట్ చేయగానే ఆ అల మాయమవుతుంది. చూసేవారికి కారణం తెలియదు కానీ, ఏదో అతుకు పడిందని చెవి పట్టేస్తుంది. పైగా గాలి. మైకుకు బొచ్చు తొడుగు లేకుండా అక్కడికి వెళ్లనే వద్దు. మనుషులెవరూ మాట్లాడకుండా రెండు నిమిషాలు ఉత్త సముద్రాన్ని రికార్డు చేసుకోండి, అతుకుల కింద పరవడానికి పనికొస్తుంది. ప్రతి షాట్ అయ్యాక నటులు అదే ఊపులో, కెమెరా లేకుండా, మైకు దగ్గరగా ఆ మాటలు మరోసారి చెప్పాలి. అంతకన్నా మంచి ఉపాయం నీ చేతిలోనే ఉంది: మూడు పేజీలను అయిదు వాక్యాలు చెయ్యి. అక్క చెప్పు విప్పి ఇసుక దులుపుకునే చోట నువ్వు రాసిన మాటలన్నీ అనవసరం, ఆ పని చాలు.

కార్ల్ ష్మిట్ స్మారకం దగ్గర వాళ్లను కూర్చోబెట్టడమూ నాకు నచ్చలేదు. 1930లో ఇతరులను కాపాడబోయి మునిగిపోయిన నావికుడి గుర్తు అది. నీ కథకు ఆ సంగతితో సంబంధం లేదు, ఊరికే అందంగా ఉందని పెట్టావు. సినిమాల్లో అది అరిగిపోయింది కూడా. కాస్త ఉత్తరానికి నడిస్తే ఊరూర్ కుప్పం అనే జాలరిపేట, ఆరబెట్టిన వలలు, పడవలు. అడగకుండా ఎవరి పడవ మీదా ఎక్కవద్దు. మీ ఎనిమిది మందిలో తమిళం చక్కగా మాట్లాడే ఒకరిని ముందు రోజే పంపు. అనుమతి కాగితం, కళాశాల ఉత్తరం ఆ మనిషి దగ్గరే ఉండాలి. ట్రైపాడ్ దించగానే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు.

చివరి పేజీలో 'చెల్లెలు ఏడుస్తూ పరుగెత్తింది' అని ఉంది. ఒక ఉదయం వెళ్లి ఆ పొడి ఇసుకలో నువ్వే పరుగెత్తి చూసి, ఆ పేజీ మళ్లీ రాసి పంపు.

మీ పెదనాన్న స్నేహితుడు