తెలంగాణలోని పాకాల, ఏటూరునాగారం అడవుల్లో పిల్లలకు ప్రకృతి పాఠాలు చెప్పడానికి అనుమతి కావాలా?

కావాలి, పాకాల, ఏటూరునాగారం రెండూ వన్యప్రాణి అభయారణ్యాలు కాబట్టి అటవీశాఖ అనుమతి లేకుండా పిల్లలను లోపలికి తీసుకెళ్లకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం అక్కడి నివాసులు, విధుల్లో ఉన్న ఉద్యోగులు, రహదారి మీదుగా సాగిపోయేవారు వంటి కొందరికే మినహాయింపు ఉంది. వన్యప్రాణుల అధ్యయనానికి, పర్యటనకు అనుమతి ఇచ్చే వీలును 28వ సెక్షన్ కల్పిస్తుంది.

ఉదాహరణకు, హనుమకొండ నుంచి పదో తరగతి పిల్లలను నర్సంపేట మీదుగా పాకాల తీసుకెళ్లి, చెరువుగట్టు దాటి చెట్లలోకి నడిపించాలనుకుంటే బస్సు మాట్లాడకముందే అటవీ అధికారులను కలవాలి.

‘చదువు కోసమే కదా, డబ్బు తీసుకోవడం లేదు కదా’ అని చాలామంది అనుకుంటారు. ఉచితంగా చెప్పినా అనుమతి తప్పదు. అటవీ ఉత్పత్తులను బయటకు తేవడంపైనా 29వ సెక్షన్ నిషేధం ఉంది. అందుకే రాలిన ఆకునైనా పిల్లలు పుస్తకంలో బొమ్మగా గీసుకోవాలే తప్ప సంచిలో వేసుకోకూడదు.