చిట్టీ, పబ్లిష్ కొట్టే ముందు ఫైళ్ల జాబితా చదువు

చిట్టీ,

నిన్న అక్క ఫోన్ చేసి, "ఇది ఏదో ప్యాకేజీ పెడుతుందట, ఎన్‌పీఎం అంటోంది, అదేంటో నువ్వే కనుక్కో" అంది. జావాస్క్రిప్ట్ కోడ్‌ను ప్యాకేజీలుగా కట్టి అందరూ దింపుకునేలా పెట్టే చోటని చెప్పాను. తర్వాత నీ మెసేజ్ చూశాను. తెలుగులో అక్షరదోషాలు పట్టే కోడ్ లైబ్రరీ! ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఇలాంటిది ఎవరైనా చేస్తే బాగుండునని నేను చాలాకాలంగా అనుకుంటున్నదే, మన ఇంటి పిల్ల చేసింది. కానీ ఈ ఆదివారమే పబ్లిష్ చేసేస్తానన్న మాట చదివాక రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. నీకు తొందరెక్కువ. పరీక్ష ఫీజు దగ్గర్నుంచి రైలు టికెట్ దాకా అన్నీ ఆఖరి గంటలోనే చేస్తావు. ఇది అలా చేసే పని కాదు.

కోడ్ గురించి నేనేం చెప్పను, అది నీకే బాగా వచ్చు. ఖాతాకు టూ-ఫ్యాక్టర్ పెట్టుకో, పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు కూడా అడుగుతుంది. ప్యాకేజీ పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో వాడే పద్ధతి ఒక ఉదాహరణతో రాయి. నా బెంగంతా ప్యాకేజీలో ఏ ఫైళ్లు వెళ్తాయన్న దాని గురించే.

నీ ఫోల్డర్లో ఉన్నవి వేరు, కోడ్ మార్పులన్నీ భద్రపరిచే గిట్‌లో ఉన్నవి వేరు, ప్యాకేజీలో వెళ్లేవి వేరు. ప్యాకేజీ వివరాలుండే ప్యాకేజ్ జేసన్ ఫైల్లో 'ఫైల్స్' అని ఒక జాబితా రాసి ఉంటే ఎన్‌పీఎం అందులోవే తీసుకుంటుంది. రీడ్‌మీ, లైసెన్స్ లాంటి కొన్నిటిని మాత్రం అడక్కుండానే కలుపుతుంది. ఆ జాబితా లేకపోతే ఫోల్డర్ మొత్తం ఎత్తుకుని, ఎన్‌పీఎం‌ఇగ్నోర్ ఫైల్లో రాసినవి వదిలేస్తుంది. అది కూడా లేకపోతే, గిట్‌లోకి ఏవి ఎక్కకూడదో రాసే గిట్‌ఇగ్నోర్ ఫైలు చూసి, అందులోవి వదిలేస్తుంది. మొదటి ఇగ్నోర్ ఫైలు ఉంటే గిట్‌ఇగ్నోర్‌ను చూడదన్న సంగతి గుర్తుపెట్టుకో.

నేను పనిచేసిన ఒక టీములో కొత్తగా చేరిన అబ్బాయి ఉండేవాడు. నెమ్మదైన పిల్లాడు, పని మీద శ్రద్ధ ఉన్నవాడు. అతను మొదటిసారి ప్యాకేజీ పబ్లిష్ చేస్తే అందులో అసలు కోడే లేదు. బిల్డ్ అయిన కోడ్, అంటే వాడటానికి సిద్ధం చేసిన కోడ్, డిస్ట్ అనే ఫోల్డర్లోకి వస్తుంది కదా, దాన్ని గిట్‌లోకి ఎవరూ ఎక్కించరు, గిట్‌ఇగ్నోర్‌లో రాసిపెడతారు. ఎన్‌పీఎం ఆ గిట్‌ఇగ్నోర్‌నే చూసి డిస్ట్‌ను వదిలేసింది. అతను నెట్‌లో వెతికితే ఎన్‌పీఎం‌ఇగ్నోర్ అనే ఫైలు పెట్టమని సలహా దొరికింది. పెట్టాడు. అందులో టెస్టుల ఫోల్డరూ, డాక్యుమెంట్ల ఫోల్డరూ రాశాడు. మళ్లీ పబ్లిష్ చేస్తే డిస్ట్ చక్కగా వచ్చింది, ప్యాకేజీ పనిచేసింది. అందరూ బాగుందన్నారు.

కానీ ఆ క్షణం నుంచి గిట్‌ఇగ్నోర్‌ను ఎన్‌పీఎం చూడటం మానేసింది. గిట్‌ఇగ్నోర్‌లో డిస్ట్‌తో పాటు డాట్ ఎన్వ్ ఫైలు కూడా ఉండేది. క్లౌడ్ ఖాతా తాళాలు (లోపలికి వెళ్లడానికి వాడే రహస్య కోడ్‌లు), డేటాబేస్ పాస్‌వర్డ్ అన్నీ అందులోనే. గిట్‌కి ఎక్కలేదు కాబట్టి భద్రంగానే ఉందని అందరి నమ్మకం. అది ప్యాకేజీలో కూర్చుని ప్రపంచమంతా దింపుకునే చోటికి వెళ్లిపోయింది. ఎర్రర్ రాలేదు, హెచ్చరిక రాలేదు. కొత్తగా ఏ ప్యాకేజీ వచ్చినా అది అందరికీ కనబడుతుంది, అలాంటి తాళాల కోసమే వెతికే ప్రోగ్రాములు పగలూ రాత్రీ తిరుగుతుంటాయి. ఎవరో మా ఖాతాలో పెద్ద పెద్ద మెషీన్లు నడిపారు. ఖర్చు ఎందుకు పెరిగిందో తెలియక లెక్కలు చూసేవాళ్లు అడిగితే అప్పుడు బయటపడింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. కంగారులో ముందు ఆ ఫైలు తీసేసి కొత్త వెర్షన్ పెట్టారు. పాత వెర్షన్ అక్కడే ఉంది, ఎవరైనా దింపుకోవచ్చు. తర్వాత దాన్ని తీసేయించారు. అప్పటికే కాపీలు ఎన్ని చోట్లకు వెళ్లాయో ఎవరికి తెలుసు? తాళాలు మార్చడం అన్నిటికన్నా చివర్న గుర్తొచ్చింది. మొదట చేయాల్సిన పని అదే. మీటింగులో ఆ పిల్లాణ్ని అందరి ముందూ నిలబెట్టి మాట్లాడిన తీరు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అతను తెలిసి చేసిందేముంది? కొన్నాళ్లకు ఉద్యోగం మానేశాడు. ప్యాకేజీ అన్న మాట వినగానే నువ్వు కాదు, ముందు అతను గుర్తొచ్చాడు. నీకు అలాంటి రోజు రాకూడదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

అందుకని చెప్తున్నా, ఎన్‌పీఎం‌ఇగ్నోర్ జోలికి పోకు. 'ఫైల్స్' జాబితా రాయి. మేం హాస్టల్‌కి వెళ్లేటప్పుడు అమ్మమ్మ ఏం పట్టుకెళ్లాలో చీటీ రాసి పెట్టెలో ఒక్కొక్కటీ సర్దించేది. ఇంట్లో ఉన్న సామానంతా చూసి ఏది వదిలేయాలో రాయమంటే ఎవరి తరమవుతుంది? రేపు నీ ఫోల్డర్లోకి కొత్త ఫైలు ఏదొచ్చినా, నువ్వు రాస్తే తప్ప బయటికి వెళ్లకూడదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో లినక్స్‌కి ఆర్‌పీఎం అనే రకం ప్యాకేజీలు కట్టేవాళ్లం. ప్యాకేజీ ఎలా కట్టాలో చెప్పే స్పెక్ ఫైల్లో ఏ ఏ ఫైళ్లు వెళ్లాలో రాయాలి. రాసిన ఫైలు లేకపోయినా బిల్డ్ ఆగేది, రాయని ఫైలు ఇన్‌స్టాల్ అయినా ఆగేది. విసుగొచ్చేది, కానీ మా చేత ప్రతి ఫైలూ చూపించేది. ఎన్‌పీఎం అలా అడగదు. నువ్వు జాబితాలో 'డేటా' బదులు 'డాటా' అని రాస్తే, ఆ ఫోల్డర్ లేకుండానే మాట్లాడకుండా ప్యాకేజీ కట్టేస్తుంది. నీ లైబ్రరీకి ప్రాణం ఆ ఫోల్డర్లో ఉండే పదాల ఫైలే. అది వెళ్లకపోతే దింపుకున్నవాళ్లకి మిగిలేది ఎర్రరే.

అందుకే పబ్లిష్ చేసే ముందు ప్రతిసారీ ఎన్‌పీఎం ప్యాక్ కమాండుకి డ్రై-రన్ తగిలించి నడుపు, నిజంగా కట్టకుండా ఏం కడుతుందో చెప్తుంది. వెళ్లబోయే ఫైళ్లన్నీ సైజులతో సహా చూపిస్తుంది. కళ్లతో చదువు, మొదటి నాలుగు లైన్లు చూసి వదిలేయకు. బిల్డ్ అయిన కోడ్‌ను అసలు కోడ్‌తో జతచేసే సోర్స్ మ్యాప్ ఫైళ్లు కనిపిస్తే ఆగు, వాటిలో నీ అసలు కోడంతా కామెంట్లతో సహా ఉండొచ్చు. ఇష్టపడి పంపితే పంపు, తెలియకుండా మాత్రం పోకూడదు. ఆ తర్వాత నిజంగానే ప్యాక్ చేసి, వచ్చిన టీజీజెడ్ అనే కుదించిన ప్యాకేజీ ఫైల్ని ఒక ఖాళీ ఫోల్డర్లో ఇన్‌స్టాల్ చేసి వాడి చూడు. ఎన్‌పీఎం లింక్‌తో చూసి సరిపోయిందనుకోకు, అది నీ ఫోల్డర్నే చూపిస్తుంది కాబట్టి లేని ఫైలు కూడా ఉన్నట్టే ఉంటుంది. వీలైతే లినక్స్ మీద కూడా చూడు. నీ విండోస్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉన్నా ఫైలు దొరుకుతుంది, అక్కడ దొరకదు.

ఇంకొకటి. ఆ పదాలు ఎక్కడివి? విక్షనరీ అనే ఆన్‌లైన్ నిఘంటువు నుంచి తీసుకుంటే దాని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ప్రకారం ఎక్కడి నుంచి తెచ్చావో చెప్పాలి, ఆ డేటాని అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. ఆ వివరం రాసిన ఫైలు డేటా ఫోల్డర్లోనే పెట్టు, పదాలతో పాటే వెళ్తుంది. ఎవరెవరో రాత్రిళ్లు కూర్చుని ఊరికే చేసిపెట్టిన పని అది.

2024 మార్చిలో ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ ప్రోగ్రాం గొడవ గురించి నువ్వూ చదివే ఉంటావు. 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ కోడ్‌ను నడిపించే ఒక ముక్క గిట్‌లో లేదు, విడుదల చేసిన టార్ ఫైల్లో (కట్టిన ప్యాకేజీలో) మాత్రమే ఉంది. గిట్ చూసినవాళ్లకి అది కనబడలేదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఆయన దూరపు కంప్యూటర్లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వితే బయటపడింది. అంత పెద్దవాళ్ల విషయంలోనే అలా జరిగింది. నీ ప్యాకేజీ ఒకవేళ పదిమందీ వాడటం మొదలుపెడితే, వాళ్లు నమ్మేది నీ గిట్‌ని కాదు, నువ్వు పంపిన ఆ ఒక్క టీజీజెడ్ ఫైల్నే.

ఏదైనా తప్పు వెళ్లిపోతే భయపడి దాచకు. తాళాలుంటే ముందు అవి మార్చెయ్. తర్వాత ప్యాకేజీ సంగతి చూడు. వేరే ప్యాకేజీలేవీ దాని మీద ఆధారపడకపోతే 72 గంటల్లోపు తీసేయనిస్తారు, ఆ తర్వాత షరతులు ఎక్కువ. తీసేసినా ఆ వెర్షన్ నంబరు మళ్లీ వాడుకోవడం కుదరదు. ఆ తర్వాత నాకు ఫోన్ చెయ్. అర్ధరాత్రైనా సరే. నేను తిట్టను.

శనివారం సాయంత్రానికి డ్రై-రన్ చూపించిన జాబితా నాకు వాట్సాప్‌లో పెట్టు. ప్రతి ఫైలూ ఎందుకు వెళ్తోందో అడుగుతాను, విసుక్కోకు. పబ్లిష్ అయ్యాక ప్యాకేజీ పేరు పంపు, మొదట ఇన్‌స్టాల్ చేసేది నేనే కావాలి.

ప్రేమతో,
పిన్ని