అడిగే ముందు ఆసరా చూసుకో

అమ్మడూ,

బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌లో, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాల శిబిరం ఆసుపత్రికి వెళ్తున్నావని, వచ్చిన ఆడవాళ్లని హింస గురించి అడిగి గుర్తించే పని నీకు అప్పగిస్తున్నారని మీ అమ్మ చెప్పింది. అలాంటి చోట పనిచేసిన నర్సుగా నాకు తెలిసినవి రాస్తున్నా, విసుక్కోకుండా చదువు.

చెప్పుకున్న మనిషికి ఆ పూటే ఏం చేయగలవో తెలియకపోతే అసలు అడగకు. అంతా విని, రాసుకుని, చేతులెత్తేయడం కంటే ఘోరం లేదు. వెళ్లిన మొదటి రోజే మందుల బీరువా తీయించు. అత్యాచారం జరిగాక హెచ్ఐవి సోకకుండా ఇచ్చే మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, గర్భం రాకుండా వేసుకునే మాత్ర ఎంత త్వరగా పడితే అంత మంచిది, 5 రోజులు దాటకూడదు. ఆ రెండూ ఉన్నాయా, గడువు దాటిపోయాయా, రాత్రిపూట తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? ఆడవాళ్ల కేంద్రంలో కేసులు చూసే ఆవిడెవరు, శుక్రవారం అక్కడ సెలవు కదా, ఆ రోజు ఫోన్ ఎత్తుతుందా?

అందరినీ అడగాలా, అనుమానం వచ్చినవాళ్లనే అడగాలా అన్నది పాత పేచీయే. భర్త హింస విషయంలో వచ్చిన ప్రతి ఆడమనిషినీ అడగక్కర్లేదు, గాయాలో లక్షణాలో చూసి అడగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో చెప్పింది. ఇంకోపక్క ఇథియోపియాలోని శరణార్థులతో, కొలంబియాలో ఊళ్లొదిలి వచ్చిన ఆడవాళ్లతో మాట్లాడి ఒక చిన్న ప్రశ్నల పట్టిక తయారుచేశారు, కెన్యాలో దదాబ్ శిబిరాల క్లినిక్కుల్లో దాన్ని అందరికీ వేసి చూశారు కూడా. నన్నడిగితే తలుపు వేసుకోగలిగే గది, నమ్మదగ్గ దుబాసీ, మందులు, ఈ మూడూ ఉన్నచోట అందరినీ అడగడమే నయం, "ఇక్కడికొచ్చిన ఆడవాళ్లందరినీ అడుగుతాం" అన్నప్పుడు ఏ ఒక్కరినీ వేలెత్తి చూపినట్టుండదు. ఏ ఒక్కటి తగ్గినా ఊరుకో. గుడిసె గుడిసెకీ తిరిగి మాత్రం చచ్చినా అడగొద్దు. వెదురు తడికలు, టార్పాలిన్లు, పక్కింట్లో దగ్గినా వినపడుతుంది.

నీకు ఎక్కువ తిప్పలు పెట్టేది తోడొచ్చినవాళ్లే. అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంటుంది, కదలదు. "బయటికెళ్లండి" అనకు, ఎందుకు పంపావని ఇంటికెళ్లాక కోడలిని నిలదీస్తుంది. పరీక్ష చేసేటప్పుడు లోపల ఒక్కరే ఉండాలన్న రూలు అందరికీ పెట్టేయండి, అత్తగారిని మందుల క్యూలో నిలబెట్టండి. దుబాసీ, చూపించుకోవడానికి వచ్చినామె ఉండే బ్లాకు, అంటే శిబిరంలో ఆమె పేట మనిషి కాకూడదు, పిల్లల్ని అయితే అస్సలు వాడుకోవద్దు. ఆ దుబాసీ అమ్మాయితో ముందు రోజే కూర్చుని ప్రతి ప్రశ్నా ఏ మాటల్లో అడగాలో అనుకోండి, లేకపోతే సిగ్గుపడి సగం మింగేస్తుంది.

అత్యాచారం, హింస లాంటి పెద్ద మాటలు వద్దు. కొట్టారా, ఇష్టం లేకుండా మీద పడ్డారా, బెదిరించారా అని జరిగిన పనినే అడుగు, "ఈ ఏడాదిలో" అని హద్దు పెట్టు. 2017 ఆగస్టు నుంచి 7 లక్షల మందికి పైగా సరిహద్దు దాటి వచ్చారు కాబట్టి అందరి మనసూ మయన్మార్ సైనికుల మీదికే పోతుంది, కానీ ఇప్పుడు నీ దగ్గరికొచ్చేది చాలావరకు ఇంట్లో దెబ్బలే. అవునంటే అక్కడితో ఆపు. ఎవరు, ఎంతమంది, ఎలా అని తవ్వకు, నువ్వు పోలీసువి కాదు. నీళ్లిచ్చి, ఇందులో నీ తప్పేం లేదమ్మా అని చెప్పి, ఏమేం దొరుకుతాయో వివరించి, ఏది కావాలో ఆమెనే తేల్చుకోనివ్వు.

మన దగ్గర అత్యాచారం కేసు ఆసుపత్రికొస్తే పోలీసులకి కబురు చేసి తీరాలి. ఆ అలవాటుతో అక్కడ ఫోన్ తీయకు. అక్కడి చట్టమేంటో, మీ సంస్థ నియమమేంటో ముందే కనుక్కుని, ఏది దాచగలవో ఏది దాచలేవో ప్రశ్న వేయకముందే ఆమెకి చెప్పు. ఆమె ఇంటికి తీసుకెళ్లే కార్డు మీద ఒక్క అక్షరం కూడా రాయకు, మొగుడు చదువుతాడు, చదువు రాకపోతే మాఝీతో, అంటే బ్లాకు పెద్దతో చదివించుకుంటాడు.

పైనుంచి లెక్కలు పంపమని ప్రాణం తీస్తారు. ఈ నెల తక్కువ వచ్చాయేం అంటారు. ఎన్ని కేసులో తేలేదాకా ఆగక్కర్లేదు, హింస జరుగుతోందనే అనుకుని పని మొదలుపెట్టమని ఐక్యరాజ్యసమితి సంస్థలూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది, ఆ పేజీ ఫోన్‌లో పెట్టుకో.

చాలామంది లేదనే అంటారు. ఒంటి మీద దెబ్బ కనపడుతున్నా లేదంటారు. రెట్టించకు, ఎప్పుడైనా రావొచ్చని చెప్పి పంపు. మూడు నెలల తర్వాత బిడ్డకి టీకా వేయించడానికి వచ్చి తనే నోరు విప్పుతుంది, ఆ రోజు నువ్వు సెలవులో ఉంటే ఆమెను ఎవరి దగ్గరికి పంపాలో గేటు దగ్గర చీటీలు రాసే అమ్మాయికి కూడా తెలిసుండాలి.

మీ పెద్దమ్మ