మెకిన్నీ నుంచి జార్జ్‌టౌన్‌కి సెస్నా 172లో: డల్లాస్ క్లాస్ బి, ఫోర్ట్ హుడ్ తగలకుండా రూట్ ఎలా గీసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ ఈమధ్యే వచ్చింది, డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న మెకిన్నీ నుంచి ఆస్టిన్ పక్కన జార్జ్‌టౌన్‌కి వీఎఫ్ఆర్‌లో (బయటికి కళ్ళతో చూస్తూ ఎగిరే పద్ధతిలో) వెళ్ళాలి. ఫోర్‌ఫ్లైట్ అనే మ్యాప్ యాప్‌లో డైరెక్ట్ గీస్తే గీత డల్లాస్ మీదుగా, వేకో నెత్తిమీదుగా, ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరం పక్కనుంచి పోతోంది. ఏం చెయ్యాలి?

ఆ గీత చెరిపేయండి. ఎవరి అనుమతీ దొరక్కపోయినా గమ్యం చేరే దారి ముందు గీసుకోవాలి. గాల్లో కంట్రోలర్ ఖాళీగా ఉండి దగ్గరదారి ఇస్తే అప్పుడు తీసుకోవచ్చు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. డైరెక్ట్ గీసుకుని క్లాస్ బి (పెద్ద విమానాశ్రయం చుట్టూ అనుమతి ఉంటేనే వెళ్ళగలిగే గగనతలం) అంచు దాకా వెళ్తారు, "రిమెయిన్ క్లియర్ ఆఫ్ క్లాస్ బ్రావో" (క్లాస్ బి లోపలికి రావద్దు) అనగానే అక్కడే చక్కర్లు కొడుతూ టాబ్లెట్‌లో కొత్త దారి వెతుక్కుంటారు. తల కిందికి వంచి ఉన్న ఆ రెండు నిమిషాల్లోనే విమానం అంచు దాటేస్తుంది.

నేనైతే మీకు చెప్పే దారి: మెకిన్నీ, టెరెల్, కోర్సికానా, జార్జ్‌టౌన్. డైరెక్ట్ సుమారు 160 నాటికల్ మైళ్ళు, ఇది 178 దాకా వస్తుంది. 110 నాట్లతో పది నిమిషాలు ఎక్కువ, పెట్రోలు ఒకటిన్నర గ్యాలన్. ఆ ఖర్చుకి మీకు దక్కేది చాలా ఎక్కువ.

టేకాఫ్ అయ్యాక లేక్ లావాన్ మీదుగా, రాక్‌వాల్ పక్కనుంచి టెరెల్ వైపు వెళ్ళండి. మెకిన్నీ నుంచి సూటిగా కోర్సికానాకి గీత గీస్తే అది మెస్కీట్ మెట్రో నెత్తిమీదుగా పోతుంది. అక్కడ టవర్ ఉంది, క్లాస్ డి (టవర్‌తో మాట్లాడాకే వెళ్ళగలిగే గగనతలం) ఉంది. అందుకే టెరెల్ వైపు జరపమంటున్నాను. ఈ మొదటి భాగంలో మీరుండేది డీఎఫ్‌డబ్ల్యూ (డల్లాస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం) క్లాస్ బి షెల్ఫుల, అంటే నేలకి తగలకుండా పైన మొదలయ్యే అంచెల, చాయలో. ఆ క్లాస్ బి పైకప్పు 11,000 అడుగులు. చార్ట్ మీద 110 కింద మరో అంకె ఉంటుంది, 40 అంటే ఆ ముక్క 4,000 అడుగుల దగ్గర మొదలవుతుంది. ఈ అంకెల్ని సెక్షనల్ అనే మామూలు విమాన చార్ట్‌లో కాకుండా టెర్మినల్ ఏరియా చార్ట్‌లో చదవండి. దాని స్కేలు రెట్టింపు, గీతలు ఒకదాన్నొకటి కప్పుకోవు.

షెల్ఫ్ అడుగుకి కనీసం 500 అడుగులు తక్కువలో ఎగరండి. టెక్సస్ ఎండాకాలం మధ్యాహ్నం థర్మల్స్ (పైకి లేచే వేడిగాలులు) 172ని చూస్తుండగానే 300 అడుగులు పైకి ఎత్తేస్తాయి. ఆల్టిమీటర్ సెట్టింగ్ పాతదైతే ఇంకో వంద అడుగులు పోయినట్టే. రెండువందల అడుగుల ఎడం ఉంది కదా అనుకున్నవాళ్ళే ఎక్కువగా దొరికిపోతారు. డీఎఫ్‌డబ్ల్యూ చుట్టూ 30 మైళ్ళ మోడ్ సి వలయం (విమానం తన ఎత్తుని ప్రసారం చేయాల్సిన పరిధి) ఉంది, మెకిన్నీ కూడా దాని లోపలే. కాబట్టి ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి జవాబిచ్చే పరికరం), ఏడీఎస్-బి అవుట్ (విమానం ఉన్న చోటుని ప్రసారం చేసేది) రెండూ పనిచేస్తున్నాయని రన్-అప్‌లోనే, అంటే టేకాఫ్ ముందు ఇంజిన్ పరీక్షలోనే, చూసుకోండి.

టెరెల్ దాటాక ఎత్తు మార్చాలి, ఇది చాలామంది మర్చిపోతారు. మెకిన్నీ నుంచి టెరెల్‌కి మాగ్నెటిక్ కోర్సు (దిక్సూచి ప్రకారం దిశ, డిగ్రీల్లో) దాదాపు 147. టెరెల్ నుంచి కోర్సికానాకి 187 దగ్గర, అక్కణ్ణించి జార్జ్‌టౌన్‌కి 216 దగ్గర. నేలనుంచి 3,000 అడుగులు దాటితే 180 నుంచి 359 మధ్య కోర్సులకి సరి వేలు ప్లస్ 500, అంటే 4,500 లేదా 6,500. మొదటి భాగంలో తక్కువ ఎత్తులో ఉంటారు కనుక ఈ నియమం వర్తించదు. షెల్ఫులన్నీ వెనకబడ్డాయని చార్ట్‌లో తేల్చుకున్నాకే ఎక్కండి.

కోర్సికానా దగ్గరికి వచ్చేసరికి డల్లాస్-ఫోర్ట్‌వర్త్ సెక్షనల్ అయిపోతుంది. అక్కణ్ణించి హ్యూస్టన్, శాన్ ఆంటోనియో చార్టులు కావాలి. ఇవి 56 రోజులకోసారి మారతాయి. టాబ్లెట్‌లో మూడూ డౌన్‌లోడ్ అయ్యాయో లేదో ఇంట్లోనే విమానం మోడ్‌లో పెట్టి చూడండి. కాక్‌పిట్‌లో ఎండకి టాబ్లెట్ వేడెక్కి ఆగిపోవడం మామూలే, అందుకే ఒక కాగితం మీద మలుపులు, కోర్సులు, ఫ్రీక్వెన్సీలు రాసి మోకాలి మీద ఉంచుకోండి.

ఇక ఫోర్ట్ హుడ్. 2023లో ఫోర్ట్ కవాజోస్ అన్నారు, 2025లో మళ్ళీ పాత పేరే పెట్టారు. పాత బ్రీఫింగ్ నోట్స్‌లో రెండు పేర్లూ కనిపిస్తాయి, చోటు ఒకటే. దాని మీద ఉన్నది ఆర్-6302 అనే రిస్ట్రిక్టెడ్ ఏరియా, ఎ, బి, సి ఇలా ముక్కలుగా. రిస్ట్రిక్టెడ్ ఏరియాకీ ఎంఓఏకీ (సైనిక విమానాలు శిక్షణ చేసే గగనతలం) తేడా ఇక్కడ బాగా పట్టించుకోవాలి. ఎంఓఏలోకి వీఎఫ్ఆర్ విమానం అనుమతి లేకుండానే వెళ్ళొచ్చు, ఎదురయ్యేది విమానాలే కాబట్టి చూసి తప్పుకునే వీలుంది. రిస్ట్రిక్టెడ్ ఏరియా యాక్టివ్‌గా ఉంటే అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. ఇక్కడ నేలమీది నుంచి ఫిరంగులు పేలుస్తారు, పైకి లేచిన గుండు మీకు కనిపించదు, ట్రాఫిక్ అలర్ట్ రాదు. చార్ట్ అంచున ఉన్న పట్టికలో ప్రతి ముక్కకీ ఎత్తు, వేళలు, కంట్రోలింగ్ ఏజెన్సీ ఉంటాయి. వేళల దగ్గర నోటామ్ (పైలట్లకిచ్చే నోటీసు) ద్వారా మారవచ్చని ఉంటే పట్టికను నమ్మకండి, అప్రోచ్ కంట్రోలర్‌ని "హాటా, కోల్డా" (యాక్టివ్‌గా ఉందా, లేదా) అని అడగండి.

దానికి దక్షిణంగా కిలీన్ దగ్గర రాబర్ట్ గ్రే ఆర్మీ ఎయిర్‌ఫీల్డ్, యోకమ్-డిఫ్రెన్ ఆర్మీ హెలిపోర్ట్ (పాత పేరు హుడ్ ఆర్మీ ఎయిర్‌ఫీల్డ్) రెండింటికీ క్లాస్ డి ఉంది. కోర్సికానా-జార్జ్‌టౌన్ గీత టెంపుల్ విమానాశ్రయానికి తూర్పున తొమ్మిది మైళ్ళలో పోతుంది కనుక ఇవన్నీ దూరంగానే ఉంటాయి. గుర్తు తేలిక: జార్జ్‌టౌన్ దగ్గరపడేదాకా ఐ-35 హైవే మీకు కుడివైపే ఉండాలి. కింద బెల్టన్, స్టిల్‌హౌస్ హాలో చెరువులు కనిపిస్తే పడమటికి జరిగిపోయారన్నమాట, వెంటనే ఎడమకి తిరగండి.

ఫ్లైట్ ఫాలోయింగ్ (కంట్రోలర్ రాడార్‌లో మిమ్మల్ని గమనిస్తూ ఉండే సేవ) తప్పకుండా అడగండి. మెకిన్నీ గ్రౌండ్‌లోనే అడగొచ్చు, లేకపోతే గాల్లో రీజనల్ అప్రోచ్‌ని. అయితే స్క్వాక్ కోడ్ (ట్రాన్స్‌పాండర్‌లో పెట్టే అంకె) ఇచ్చారు, "రాడార్ కాంటాక్ట్" అన్నారు అంటే క్లాస్ బి అనుమతి వచ్చినట్టు కాదు. మీ కాల్ సైన్‌తో పాటు "క్లియర్డ్" అన్న మాట వినపడాలి. క్లాస్ సి, డిలకి అలా అక్కర్లేదు, మీ కాల్ సైన్ పలికి జవాబిస్తే చాలు. "ఎయిర్‌క్రాఫ్ట్ కాలింగ్, స్టాండ్‌బై" అంటే మాత్రం చాలదు. మధ్యలో "రాడార్ సర్వీస్ టెర్మినేటెడ్, స్క్వాక్ వీఎఫ్ఆర్" అని వదిలేస్తే 1200 పెట్టి, రాసుకున్న తర్వాతి ఫ్రీక్వెన్సీకి మీరే వెళ్ళాలి.

టీఎఫ్ఆర్‌లు (గగనతలం మీద తాత్కాలిక ఆంక్షలు) ముందురాత్రి ఒకసారి, ఇంజిన్ స్టార్ట్ చేసేముందు ఒకసారి చూడండి. అధ్యక్షుడు వస్తే సాధారణంగా 30 మైళ్ళ వలయం పడుతుంది, లోపలి 10 మైళ్ళలోకి మనలాంటివాళ్ళకి దారే ఉండదు. స్టేడియంలది వేరే చిక్కు. 30,000 సీట్లు దాటిన చోట ఎన్ఎఫ్ఎల్, ఎమ్ఎల్‌బీ, పెద్ద కాలేజీ ఫుట్‌బాల్ ఉంటే 3 మైళ్ళు, నేలనుంచి 3,000 అడుగులు, ఆటకి గంట ముందునుంచి ముగిసిన గంట తర్వాత దాకా మూత. ఆ స్థిరమైన నోటామ్‌లో ఆట వేళలు ఉండవు. శరత్కాలం శనివారాల్లో వేకోలోని మెక్‌లేన్ స్టేడియంలో బేలర్ ఆడుతోందేమో మీరే షెడ్యూల్ చూసుకోవాలి. 

ఇంత చేసినా పొరపాటున ఎక్కడైనా అంచు తొక్కితే దాచొద్దు. కంట్రోలర్‌తో మాట్లాడి బయటికి దారి అడగండి, ఎవరూ లైన్‌లో లేకపోతే 121.5. దిగాక పది రోజుల్లోపు నాసా ఏఎస్ఆర్ఎస్ (విమాన భద్రత పొరపాట్లని స్వయంగా తెలిపే వ్యవస్థ) రిపోర్ట్ పంపండి. కావాలని చేసింది కాకపోతే, ఉల్లంఘన రికార్డులోకి ఎక్కినా శిక్ష పడకుండా అది సాధారణంగా కాపాడుతుంది.