సిస్‌కాల్ తర్వాత ఆర్‌సీఎక్స్ విలువ ఎందుకు మారిపోతోంది?

కావలిలో బీటెక్ చదువుతున్న ఒకరి ప్రశ్న ఇది. ఉబుంటు 64 బిట్, నాస్మ్ అసెంబ్లర్. తెరమీద 'నెల్లూరు' అని ఐదుసార్లు రావాలి. ఆర్‌సీఎక్స్ అనే రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న గది) 5 పెట్టి, తెరమీద రాయమని కెర్నల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయను, అడిగే రైట్ సిస్‌కాల్ చేసి, కింద ఆర్‌సీఎక్స్ సున్నా అయ్యేదాకా వెనక్కి దూకే లూప్ ఇన్‌స్ట్రక్షన్ రాశారు. ప్రోగ్రామ్ ఎంతకీ ఆగడం లేదు. అక్షరాలూ సరిగా లేవు, 'న' వస్తోంది, దాని పక్కన ప్రశ్నార్థకం ఉన్న పిచ్చి గుర్తు. సిస్‌కాల్ తీసేసి, కెర్నల్‌ను పిలిచే పాత పద్ధతి ఇంట్ 80హెచ్ పెడితే ఏమీ రాకుండా చల్లగా ముగిసిపోతోంది. కెర్నల్ లోపల ఏం జరుగుతోంది?

ఉన్నవి మూడు తప్పులు, ఒకదానికీ ఒకదానికీ సంబంధం లేదు. ముందు లూప్ సంగతి.

సిస్‌కాల్ అనేది రెండు బైట్ల ఇన్‌స్ట్రక్షన్: 0ఎఫ్, 05. మామూలు కాల్ లాగా తిరిగి రావాల్సిన అడ్రస్‌ను స్టాక్ (తాత్కాలిక మెమరీ) మీద పెట్టదు, అసలు స్టాక్ జోలికే పోదు. ఆ అడ్రస్‌ను ఆర్‌సీఎక్స్‌లో, ఫ్లాగ్స్‌ను (ప్రాసెసర్ స్థితి గుర్తులను) ఆర్11లో దాస్తుంది. ఇది చేసేది ప్రాసెసరే, కెర్నల్ కాదు. మీ ప్రోగ్రామ్ 401000 హెక్స్ (పదహారుల లెక్క) దగ్గర మొదలై, మెసేజ్ అడ్రస్‌ను లీ అనే ఇన్‌స్ట్రక్షన్ తోనూ మిగతావి 32 బిట్ మూవ్‌లతోనూ నింపితే, సిస్‌కాల్ 40101బీ దగ్గర పడుతుంది. దాటగానే ఆర్‌సీఎక్స్‌లో ఉండేది 5 కాదు, 40101డి. పదుల లెక్కలో 41,98,429. లూప్ దాంట్లోంచి ఒకటి తీసేస్తుంది, సున్నా కాలేదు కాబట్టి వెనక్కి దూకుతుంది. మళ్లీ సిస్‌కాల్, మళ్లీ అదే 40101డి. ఇక ఎప్పటికి సున్నా అవుతుంది?

కౌంటర్‌ను ఆర్‌బీఎక్స్‌లో పెట్టుకోండి. లూప్ బదులు ఒకటి తగ్గించే డెక్ ఆర్‌బీఎక్స్, దాని కింద సున్నా కాకపోతే వెనక్కి దూకే జేఎన్‌జెడ్. లైనక్స్‌లో సిస్‌కాల్ తర్వాత మారేవి మూడే: జవాబు వచ్చే ఆర్ఏఎక్స్, పైన చెప్పిన ఆర్‌సీఎక్స్, ఆర్11. మిగతావి మీరు పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. సీ ఫంక్షన్లలో నాలుగో ఆర్గ్యుమెంట్ ఆర్‌సీఎక్స్‌లో వెళ్తే సిస్టమ్ కాల్స్‌లో ఆర్10లో వెళ్లడానికీ ఇదే కారణం. వరుస ఇది: ఆర్‌డీఐ, ఆర్ఎస్ఐ, ఆర్‌డీఎక్స్, ఆర్10, ఆర్8, ఆర్9. నంబర్ ఆర్ఏఎక్స్‌లో.

ఇప్పుడు కెర్నల్ వైపు. సిస్‌కాల్ ఎక్కడికి దూకాలో మీ ప్రోగ్రామ్ చెప్పలేదు. మెషీన్ బూట్ అయ్యేటప్పుడే కెర్నల్ ఎల్‌స్టార్ అనే ప్రత్యేక రిజిస్టర్‌లో ఒక అడ్రస్ రాసిపెడుతుంది, దాన్ని మార్చే హక్కు రింగ్ 0కే, అంటే కెర్నల్ స్థాయికే, ఉంది. నెల్లూరు చెరువుకు తూము ఎక్కడుందో అక్కడి నుంచే నీళ్లు. ఎవరి పొలానికి ఎదురుగా వాళ్లు కట్టకు గండి కొట్టుకుంటామంటే కుదరదు కదా.

ఆ అడ్రస్ దగ్గర ఉండేది ఎంట్రీ సిస్‌కాల్ 64 అనే అసెంబ్లీ ముక్క. లోపల అడుగుపెట్టిన క్షణానికి, స్టాక్ ఎక్కడుందో చూపే ఆర్ఎస్‌పీ ఇంకా మీదే. మీరు అందులో చెత్త పెట్టి ఉండొచ్చు, కెర్నల్ దాన్ని నమ్మదు. అందుకే మొదట స్వాప్‌జీఎస్‌తో ఆ సీపీయూకి చెందిన సొంత డేటా అందుకుని, మీ ఆర్ఎస్‌పీని అక్కడ పక్కన పెడుతుంది. మెల్ట్‌డౌన్ (కెర్నల్ మెమరీని దొంగచాటుగా చదివే దాడి) రక్షణ ఆన్‌లో ఉంటే సీఆర్3 అనే రిజిస్టర్ మార్చి పేజీ టేబుల్స్ (మెమరీ అడ్రస్‌ల పట్టికలు) కూడా మారుస్తుంది. తర్వాత కెర్నల్ స్టాక్‌కి మారి, మీ రిజిస్టర్లన్నీ ఒక వరుసలో పుష్ చేస్తుంది. ఆ వరుస పేరే పీటీరెగ్స్. ఇంతసేపూ ఇంటరప్ట్‌లు (పని మధ్యలో ఆపే సిగ్నళ్లు) ఆఫ్‌లోనే ఉంటాయి. సగం మారిన స్టాక్ మీద ఇంటరప్ట్ వచ్చి పడితే గోవిందా.

అక్కడి నుంచి సీ కోడ్. నంబర్ హద్దులో ఉందో లేదో చూస్తుంది, లేకపోతే జవాబు -38, అంటే అలాంటి కాల్ లేదని. ఉంటే దానికి సంబంధించిన ఫంక్షన్‌ను పిలుస్తుంది. పుస్తకాల్లో దీన్ని టేబుల్ గుండా పరోక్ష దూకుడుగా చూపిస్తారు; స్పెక్యులేషన్ (ప్రాసెసర్ ముందే ఊహించి చేసే పని) దాడుల భయంతో 2024 నుంచి ఎక్స్86లో దాన్ని స్విచ్‌గా మార్చారు. మీ ప్రోగ్రామ్‌కు తేడా ఏమీ తెలియదు.

అక్షరాల గోల మన భాష వాళ్లకే వచ్చేది. మీరు ఆర్‌డీఎక్స్‌లో 4 పెట్టారు: నె, ల్లూ, రు, కొత్త లైను. రైట్‌కి అక్షరాలు తెలియవు, బైట్లే తెలుసు. యూటీఎఫ్-8లో 'నెల్లూరు' అంటే న, ఎత్వం, ల, పొల్లు, ల, ఊత్వం, ర, ఉత్వం: ఎనిమిది కోడ్ పాయింట్లు, ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 24. కొత్త లైనుతో 25. మీ నాలుగు బైట్లలో మూడు 'న'కి పోయాయి, నాలుగోది ఎత్వంలో మూడో వంతు. వేళ్ల మీద లెక్కపెట్టకండి. మెసేజ్ కిందే డాలర్ (ఇప్పుడున్న చోటు) మైనస్ మెసేజ్ లేబుల్ అని ఈక్యూయూ (పేరుకు విలువ ఇచ్చే ఆదేశం) రాస్తే అసెంబ్లరే లెక్కపెడుతుంది.

ఇక ఇంట్ 80హెచ్. అది 32 బిట్ దారి. దాని నంబర్ల పట్టికే వేరు: అక్కడ రైట్ 4, ఎగ్జిట్ 1. మీరు ఆర్ఏఎక్స్‌లో 1 అలాగే ఉంచి దారి మార్చారు, కెర్నల్ మర్యాదగా ఎగ్జిట్ చేసింది. నంబర్లు మార్చుకున్నా 64 బిట్ ప్రోగ్రామ్‌లో దీన్ని వాడొద్దంటాను. పాయింటర్లలో కింది 32 బిట్లే తీసుకుంటుంది. 402000 దగ్గరున్న మెసేజ్ అచ్చవుతుంది కాబట్టి అంతా బాగుందనిపిస్తుంది. అడ్రస్ 32 బిట్లలో పట్టని స్టాక్ మీదున్న బఫర్ ఇచ్చిన రోజు -14 (చెల్లని అడ్రస్) వస్తుంది.

ఆ -14 గురించి ఒక మాట. తప్పుడు పాయింటర్ ఇస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తనది కాని మెమరీని ముట్టుకున్నందుకు ప్రోగ్రామ్ ఆగిపోవడం) వస్తుందని చాలామంది ఎదురుచూస్తారు. మీ మెమరీని చదివేది ఇక్కడ కెర్నల్. అది జాగ్రత్తగా కాపీ చేసుకుంటూ, కుదరకపోతే ఆర్ఏఎక్స్‌లో -14 పెట్టి తిరిగొస్తుంది. చూసుకోకపోతే తెరమీద ఏమీ రాదు, అంతే. -4095 నుంచి -1 దాకా ఏది వచ్చినా ఎర్రరే. ఎర్రర్ నంబర్‌ను దాచే ఎర్ర్‌నో అనేది సీ లైబ్రరీ చేసే పని, అసెంబ్లీలో ఉండదు.

లూప్ బాగయ్యాక చివర ఎగ్జిట్ మరిచిపోకండి: ఆర్ఏఎక్స్‌లో 60, ఆర్‌డీఐలో 0. లేకపోతే ప్రాసెసర్ కోడ్ దాటి ఆ వెనకున్న సున్నాలనూ ఇన్‌స్ట్రక్షన్లే అనుకుంటుంది. రెండు సున్నా బైట్లంటే ఆర్ఏఎక్స్ చూపే చోట ఏఎల్‌ను (ఆర్ఏఎక్స్ కింది బైట్‌ను) కూడమని. ఆర్ఏఎక్స్‌లో ఉన్నది రైట్ ఇచ్చిన 25. అడ్రస్ 25 ఎవరిదీ కాదు, అప్పుడు వస్తుంది అసలు సెగ్మెంటేషన్ ఫాల్ట్.

సరిచూసుకోవడానికి, ప్రోగ్రామ్ చేసే సిస్‌కాల్స్‌ను చూపించే ఎస్‌ట్రేస్ చాలు. మైనస్ ఓ ఇచ్చి ఫలితాన్ని ఫైల్‌లోకి పంపండి, లేకపోతే మీ ప్రోగ్రామ్ అచ్చువేసేదీ అదీ టెర్మినల్‌లో కలగాపులగం అవుతాయి. ఫైల్‌లో తెలుగు కనిపించదు; 'న' 340, 260, 250 అని ఆక్టల్‌లో ఉంటుంది. అలాంటి రైట్ వరుసలు ఐదు, ప్రతిదాని చివరా 25, కింద ఎగ్జిట్ 0 కనబడాలి.