తినని చేపకు తినిపించే ప్రయత్నం ముందు ఆపండి

మీ ప్రశ్న: గోల్డ్‌ఫిష్‌కు ట్యాంకులో గీరుకుని దెబ్బ తగిలింది, నాలుగు రోజులుగా ఏమీ తినడం లేదు, సిరింజితో తినిపించవచ్చా అని.

వద్దు. సిరింజి పక్కన పడేయండి. ట్యాంకు అడుగున మీరు వేసిన మేత ఇంకా పడి ఉంటే ముందు దాన్ని తీసేయండి. చేప తినకపోవడం కంటే, అది వదిలేసిన మేత నీళ్లలో కుళ్లడం పెద్ద ప్రమాదం. ఈ మాట మా ఇంట్లో గొడవపడి మరీ చెప్పినవాణ్ని, మీకు చెప్పడానికి మొహమాటమేముంది.

మాది తిరుపతి, కొర్లగుంట వైపు. ఇంట్లో ఒక ఒరాండా ఉంది, అదీ ఒక రకం గోల్డ్‌ఫిష్, తెల్లటి ఒళ్లు, తల మీద ఎర్రటి టోపీ. మా అన్న కొడుకు ముచ్చటపడ్డాడని ట్యాంకులో ఒక ప్లాస్టిక్ కోట పెట్టారు. దాని కిటికీల అంచులు బ్లేడులాగా ఉంటాయి. ఆ బొమ్మల తయారీదారులు జన్మలో ఒక్క చేపనైనా చూశారా అని నా అనుమానం. ఒక ఏప్రిల్ రాత్రి మా ఒరాండా ఆ కిటికీలో దూరి ఇరుక్కుంది. విదిలించుకుని బయటపడేసరికి ఒక పక్క పొలుసులు లేచిపోయి చర్మం ఎర్రగా కమిలింది. తెల్లారినుంచి మూల చేరి, రెక్కలు ముడుచుకుని కూర్చుంది. గింజలు ముక్కు ముందు నుంచే తేలిపోతున్నా కన్నెత్తి చూడదు.

ఇక మా అవ్వ మొదలుపెట్టింది. "మూగజీవాన్ని పస్తు పెడతా ఉండావు గదరా, పాపం తగలదా నీకు?" నేను అటు తిరిగితే చాలు, గుప్పెడు బొరుగులు నలిపి ట్యాంకులో వేసేది. గుడికి పోతే కోనేట్లో చేపలకు బొరుగులు వేసి దండం పెట్టుకునే మనిషి, ఇంట్లో ట్యాంకు కూడా ఆమె లెక్కలో కోనేరే. మాకు చిన్నప్పుడు జ్వరమొస్తే లంఖణం పరమౌషధం అని గంజినీళ్లతో సరిపెట్టింది మాత్రం ఈ అవ్వే. "దానికి అసలు కడుపే లేదు అవ్వా" అని చెప్పాను. నిజమే, గోల్డ్‌ఫిష్‌కు జీర్ణాశయం ఉండదు, మేత గొంతు దాటితే నేరుగా పేగులోకి పోతుంది. "కడుపు లేకుండా ఎట్లరా బతికేది?" అని ఆమె ఇంకా జాలిపడింది.

చేప మన లాంటి వేడి రక్తపు ప్రాణి కాదు. ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి అది తిండి ఖర్చు చేయదు. బాగా పెరిగిన గోల్డ్‌ఫిష్ వారం పది రోజులు మేత లేకపోయినా తట్టుకుంటుంది. నీళ్లు పాడైతే మాత్రం అంత టైమ్ ఇవ్వదు. చేప మొప్పల నుంచే అమ్మోనియా వదులుతుంది, కుళ్లిన మేత నుంచీ అదే పుడుతుంది. ఫిల్టర్ స్పాంజిలోని బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత అంత హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బాక్టీరియా పనికి మించి మేత వేశామంటే మొప్పలు మండుతాయి, మొప్పలు మండే చేపకు ఆకలేముంటుంది? అందులోనూ పీహెచ్, అంటే క్షార గుణం, ఎక్కువున్న నీళ్లలో, వేడి నీళ్లలో అమ్మోనియా మరింత విషం. మా బోరు నీళ్లు బకెట్లకు తెల్లటి పొర కట్టే రకం, ఎండాకాలం తిరుపతి సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. పైగా 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. అమ్మోనియా టెస్ట్ కిట్ చుక్కలు వేస్తే పసుపు రావాల్సింది, నాకు ఆకుపచ్చ వచ్చింది, అంటే అమ్మోనియా ఉన్నట్టే. బొరుగుల పుణ్యం!

అప్పుడు చేపను విడిగా ఒక ప్లాస్టిక్ టబ్బులోకి మార్చాను. నలబై లీటర్ల నీళ్లు, ఒక ఎయిర్ పంపు, పాత ట్యాంకులో వాడుతున్న స్పాంజి. ఈ పాత స్పాంజి ముఖ్యం, కొత్తది పెడితే బాక్టీరియా పెరగడానికే నెల పైన పడుతుంది. రాళ్లు, బొమ్మలు ఏమీ వద్దు. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ విరిచే మందు వేయకుండా పోయకండి. నీళ్లలో లీటరుకు గ్రాము లెక్కన కల్లుప్పు కరిగించి పోశాను, మర్నాడు ఇంకో గ్రాము. చేప రక్తంలో ఉప్పు బయటి నీళ్లకంటే ఎక్కువ, అందుకని గాయం గుండా నీళ్లు లోపలికి చొరబడుతూనే ఉంటాయి. వాటిని బయటికి తోడలేక చేప అలిసిపోతుంది. నీళ్లలో కాస్త ఉప్పుంటే ఆ భారం తగ్గుతుంది. ఉప్పు ఆవిరైపోదు కాబట్టి నీళ్లు మార్చినప్పుడు మార్చినన్ని లీటర్లకే మళ్లీ కలపాలి. మొక్కలున్న ట్యాంకులో ఈ పని చేయకండి.

డాక్టరుకు చూపించొచ్చు కదా అంటారేమో. వెటర్నరీ యూనివర్సిటీ ఉన్న ఊరు మాది. కుక్కకు, ఆవుకు వైద్యం దొరుకుతుంది, కోడికి కూడా. నేను ఫోన్ చేసిన క్లినిక్‌లో మాత్రం "చేపా?" అని అవతల ఇద్దరు నవ్వుకోవడం వినిపించింది. ఫిషరీస్ కాలేజీ ఏమో నెల్లూరు దగ్గర ముత్తుకూరులో ఉంది, టబ్బు ఎత్తుకుని అంత దూరం పోలేం కదా. ఇక మిగిలింది అక్వేరియం షాపు. అక్కడ ఏ జబ్బు చెప్పినా లేబుల్ లేని నీలం సీసానే ఇస్తారు. మిథిలీన్ బ్లూ అనే నీలం మందు పనికిరాదని నేననను, బూజుకు వాడతారు. కానీ మెయిన్ ట్యాంకులో పోస్తే ఫిల్టర్ బాక్టీరియా కూడా దెబ్బతింటుంది. అది చెప్పే నాథుడు లేడు. చేపలన్నీ చెన్నై కొళత్తూరు నుంచి ఆక్సిజన్ కవర్లలో దిగుతాయి, సాయంత్రానికి అమ్ముడుపోతాయి. ఆ తర్వాత వాటి బాగోగులు ఎవరికి కావాలి?

టబ్బు మీద గుడ్డ కప్పి, మేత పూర్తిగా ఆపేశాను. అవ్వకు టబ్బు ఎక్కడుందో చెప్పలేదు. కొన్నాళ్లకు చేప మూల వదిలి టబ్బు అడుగున వెతుక్కోవడం మొదలుపెట్టింది. అప్పుడు ఉడకబెట్టి తొక్క తీసిన పచ్చి బఠాణీ, అందులో సగం బద్ద నలిపి, వెల్లుల్లి రసం తగిలించి వేశాను. వెల్లుల్లి వాసనకే వచ్చిందని నా గట్టి నమ్మకం, మీరు నవ్వుకున్నా సరే. మింగింది. మిగిలిన తునకలు అయిదు నిమిషాల్లో తీసేశాను.

సిరింజి ఎందుకు వద్దంటున్నానంటే, చేతిలో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర ఊడుతుంది. దెబ్బ మీద బూజు పట్టేది అక్కడే. గొట్టంతో తినిపించడం చేపల వైద్యం తెలిసిన డాక్టరు చేసే పని, మనది కాదు. ఇప్పుడు మీ చేపను కాసేపు గమనించండి. గాయం మీద దూదిలాంటి తెల్లటిది కనిపిస్తోందా? పొలుసులు పైకి లేచి ఒళ్లు ఉబ్బిందా? ఈ రెండింట్లో ఏది ఉన్నా ఉప్పు ఒక్కటే సరిపోదు. గింజను నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తోందంటే దెబ్బ సంగతి వదిలేసి నోరు చూడండి, అడుగున గులకరాళ్లుంటే గోల్డ్‌ఫిష్ వాటిని నోట్లో ఇరికించుకుంటుంది. ట్యాంకు ఎన్ని లీటర్లదో, అమ్మోనియా ఎంత వచ్చిందో రాయండి, అప్పుడు చెబుతాను.