టాకో టూరుకు 60 డాలర్లు పెట్టొచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది. ఏమనుకోకు. "అన్నా, మెక్సికో సిటీకి వచ్చి మూడు వారాలైంది. ఆఫీసులో అందరూ టాకోల వాకింగ్ టూరుకు, అదే కూర పెట్టి మడిచిన రొట్టెలు నడుస్తూ చోటచోటా తినే టూరుకు, వెళ్లమంటున్నారు. మనిషికి 60 డాలర్లట. మా ఆవిడ శాకాహారి, నేను బీఫ్, పంది ముట్టను. వెళ్లమంటారా?" అని కదా రాశావు. పన్నెండేళ్ల కిందట సరిగ్గా ఈ ప్రశ్నే నాకూ వచ్చింది. అడగడానికి అన్న ఎవరూ దొరకలేదు, అంతే తేడా.

ముందు లెక్క చూద్దాం. ఇప్పుడు డాలరుకు అటూ ఇటూగా 18 పెసోలు. ఇద్దరికి 120 డాలర్లంటే 2,100 పెసోల పైమాటే. మా వీధి మొదట్లో బండి దగ్గర టాకో 22 పెసోలు. అంటే ఆ టూరు డబ్బుతో సుమారు వంద టాకోలు వస్తాయి. టూరులో మీ ఇద్దరూ కలిసి తినేది మహా అయితే పదిహేను. మిగతా ఎనభై అయిదు టాకోల డబ్బు దేనికిస్తున్నట్టు? ఇది తేల్చుకోకుండా కార్డు తీయకు.

నా మాటేమిటంటే, ఒక్కసారి వెళ్లు. వచ్చిన కొత్తలోనే వెళ్లు. రెండోసారి మాత్రం ఎవరు పిలిచినా వెళ్లకు. ఇది అర్థం కావాలంటే నా భాగోతం కొంచెం వినాలి.

2014లో వచ్చాను నేను. మాది తెనాలి. ఆఫీసు ఈ ఊళ్లోనే సాంతా ఫే అనే పేటలో. బ్యాంకు ఖాతా తెరవాలంటే రెసిడెంట్ కార్డు కావాలి, కార్డు కావాలంటే అపాయింట్‌మెంట్ దొరకాలి. (ఆ రూల్స్ ఇమిగ్రేషన్ సైట్లో ఉంటాయి, చూసుకో. వచ్చిన 30 రోజుల్లో ఆ పని మొదలుపెట్టాలన్నది ఒక్కటి మర్చిపోకు.) ఖాతా లేక మొదటి జీతం ఆలస్యమైంది. చేతిలో ఉన్నవి ఇంటి నుంచి తెచ్చిన డాలర్లు. ఏది కొన్నా రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకునేవాణ్ణి. మెట్రో టికెట్టు 5 పెసోలు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఈ ఊళ్లో నా మీద దయ చూపించింది అదొక్కటే. రోడ్డు మీద కమ్మటి వాసనలు వస్తుంటే తల దించుకుని రూముకొచ్చి బ్రెడ్డు, అరటిపండ్లు తినేవాణ్ణి. అమ్మ కట్టిచ్చిన కందిపొడిని నలభై రోజులు నడిపాను. పొదుపు చేస్తున్నాననుకున్నాను. నిజానికి భయం. అడగడం రాదు, ఏ మాంసమో తెలీదు, ఎంత అడుగుతాడో తెలీదు.

ఆఖరికి ఒక సహోద్యోగి పోరు పడలేక టూరు బుక్ చేశాను. 55 డాలర్లు. అప్పటి లెక్కన 3,300 రూపాయలు, పైగా మన కార్డు వాడినందుకు బ్యాంకు వాడి కోత. ఆ ఫారంలో 'మీరు తిననివి ఏవైనా ఉంటే రాయండి' అని ఒక గడి ఉంది. ఖాళీగా వదిలేశాను. ఎందుకో తెలుసా? తిప్పలు పెడితే ఎక్కువ డబ్బు అడుగుతారేమోనని!

శనివారం పొద్దున పదకొండుకి పాత నగరంలో కలిశాం. మొదటి మజిలీ సైకిలు మీద బుట్ట. వీటిని తాకోస్ దె కనాస్తా అంటారు, అంటే బుట్ట టాకోలు. టోర్టియాల్లో, అంటే పల్చటి మొక్కజొన్న రొట్టెల్లో, కూర పెట్టి మడిచి, వేడి నూనె పోసి, నీలం ప్లాస్టిక్ కాగితం పరిచిన బుట్టలో పేర్చి మూటకడతారు. దాని ఆవిరికి అదే మగ్గుతుంది. బట్ట తీయగానే మన ఇళ్లలో ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి మొహానికి కొట్టింది. ఒకటి బంగాళదుంప, ఒకటి రాజ్మా లాంటి గింజల ముద్ద. గైడు "ఒక్కొక్కటి రుచి చూడండి, ఇంకా అయిదు చోట్లకు వెళ్లాలి" అంది. నేను వింటానా? 3,300 కట్టాను. నలభై రోజుల ఆకలి వేరే. అయిదు తిన్నాను. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

రెండో చోట స్వాదేరో. అది బీఫ్. నిమ్మచెక్క చేతిలో పట్టుకుని నిలబడ్డాను. మూడో చోట కార్నితాస్, పందిమాంసం దాని కొవ్వులోనే గంటల తరబడి వేగుతోంది. మళ్లీ నిమ్మచెక్క. నాలుగో చోట అల్ పాస్తోర్, అదీ పందే. అయిదో చోట మార్కెట్లో నేను తినగలిగింది ఉంది, నీలం మొక్కజొన్న పిండితో చేసిన రొట్టె, మీద నాగజెముడు ముక్కల కూర. అప్పటికి పొట్టలో చోటు లేదు. ఆరోది కూడా అంతే. మొత్తం లెక్కేస్తే ఒక్కో టాకో నాకు 660 రూపాయలు పడింది. అందులోనూ బంగాళదుంప! ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్ము.

అయినా ఆ నాలుగో చోట చూసింది చెప్పాలి. హైదరాబాద్‌లో షవర్మా కమ్మీ చూశావు కదా, అదే. ఎప్పుడో లెబనాన్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు తెచ్చిన పద్ధతి, గొర్రె పోయి పంది వచ్చింది. ఎండుమిర్చి, అచియోతే గింజల మసాలా పట్టించిన పల్చటి ముక్కలు ఒకదాని మీద ఒకటి గుచ్చి నిలబెడతారు. పైన లావు, కింద సన్నం. దాన్ని ట్రోంపో అంటారు. అంటే బొంగరం. నెత్తిన పైనాపిల్. తాకేరో, అంటే టాకోలు చేసే ఆయన, ఎడమచేతిలో టోర్టియా పట్టుకుని కుడిచేత్తో కత్తి కిందికి నాలుగు సార్లు దూశాడు, ముక్కలు వచ్చి టోర్టియాలో పడ్డాయి. తర్వాత కత్తి మొనతో పైన టక్కున కొట్టాడు. పైనాపిల్ తునక ఎగిరి వచ్చి సరిగ్గా మధ్యలో పడింది. ఆయన చెయ్యి చూసుకోను కూడా లేదు, పక్కవాడితో ఫుట్‌బాల్ కబుర్లు చెప్తున్నాడు. ఆ రోజు తినలేదు. ఏడు నెలల తర్వాత తిన్నాను. ఆ సంగతి మా అమ్మకు ఇప్పటికీ తెలీదు.

సరే, డబ్బు దండగేనా? అలాగే అనుకున్నాను, మరుసటి వారం ఒక్కణ్ణే బండి దగ్గరికి వెళ్లేదాకా. ఆ గైడు దారి పొడవునా చెప్పిన మాటలే అక్కడ అక్కరకొచ్చాయి. "కోన్ తోదో?" అని అడుగుతారు, అన్నీ వెయ్యాలా అని. అంటే ఉల్లిపాయ, కొత్తిమీర. "కోన్ కోపియా" అంటే టోర్టియా రెండు పొరలు. తినేసి వెళ్లేటప్పుడు పక్కవాళ్లకి "ప్రోవేచో" అనాలి, లేకపోతే మర్యాద కాదు. నిన్ను "గ్వేరో" అని పిలిస్తే చుట్టూ చూడకు, నిన్నే. తెల్లనివాడా అని అర్థం. నా రంగు చూస్తే తెనాలిలో మా వీధిలో ఎవరూ ఆ మాట అనరు, ఇక్కడ బండివాళ్లు మాత్రం అందరినీ అలాగే పిలుస్తారు.

అన్నిటికన్నా ముఖ్యమైంది, డబ్బు చివర్లో ఇవ్వాలి. ఎన్ని తిన్నావో నువ్వే చెప్పాలి. ఈ ఏర్పాటు చూసి నా బుర్ర పనిచేసిన తీరు చెప్తే సిగ్గుచేటు. బుట్ట టాకోలే అయిదు తిని నాలుగన్నాను. బండాయన తలెత్తకుండా గిన్నె తుడుస్తూనే, "నాలుగు, ఇంకా మొదట తిన్నదొకటి" అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే మరీ నొచ్చింది. ఆ బండికి ఇప్పటికీ వెళ్తాను. లెక్క చెప్పేటప్పుడు ఇప్పటికీ వేళ్లు మడిచి చెప్తాను.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి. మా ఆవిడ 2016లో వచ్చింది, ఆమె కూడా శాకాహారే. నేను పెద్ద తెలిసినవాణ్ణిలా "సిన్ కార్నె", మాంసం లేకుండా, అని ఆర్డర్ చేశాను. హ్యామ్ పెట్టి ఇచ్చారు. వాళ్ల లెక్కలో కార్నె అంటే ముఖ్యంగా బీఫ్. కోడి వేరు, హ్యామ్ వేరు. కాబట్టి ఒక్కోటి పేరు పెట్టి చెప్పాలి. టూరు వాళ్లకైతే రెండు రోజుల ముందే మెసేజ్ పెట్టు, ఒకరు ఏ మాంసమూ తినరు, ఒకరు బీఫ్, పంది తినరు, ప్రతి మజిలీలో మాకేం దొరుకుతుంది అని. మజిలీ మజిలీకీ సమాధానం ఇస్తేనే డబ్బు కట్టు. "ఏదో ఒకటి చూస్తాం" అన్నారా, నా నిమ్మచెక్క గుర్తు తెచ్చుకో.

ఆవిడకి గుమ్మడిపూలు, పుట్టగొడుగులు, నాగజెముడు కూరలతో క్వెసదియ్యాలు (మడిచి కాల్చిన టోర్టియాలు) ఉంటాయి. వీత్లకోచె అని నల్లగా ఉంటుంది, మొక్కజొన్న కంకికి పట్టే తెగులు అది. ముందు చెప్పకుండా తినిపించు, బాగుంటుంది. ఈ ఊళ్లో క్వెసదియ్యాలో చీజ్ కావాలంటే అడిగి వేయించుకోవాలి, పేరులోనే చీజ్ ఉన్నా సరే! దీని మీద మెక్సికన్లే కొట్టుకుంటారు. గింజల ముద్దలో పంది కొవ్వు వేస్తారు చాలామంది, "మన్తెకా" ఉందా అని అడిగితే చాలు. మొక్కజొన్న టోర్టియాలో మాత్రం మొక్కజొన్న, నీళ్లు, సున్నం. అవును, సున్నమే. గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. మీ ఆవిడ మొహం చిట్లిస్తే తాంబూలం గుర్తుచెయ్యి.

నీకు అసలైన విందు బార్బకోవా. గొర్రెమాంసం. కిత్తనార జాతి మట్టల్లో చుట్టి గోతిలో పెట్టి రాత్రంతా మగ్గబెడతారు. ఇదాల్గో రాష్ట్రం వాళ్లది పెట్టింది పేరు. దాని కింద కారిన రసంతో కోన్సొమే అని ఒక సూప్ ఇస్తారు, శనగలు వేసి. ఆదివారం మటన్ పులుసు గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి, మిరపకాయ వల్లే అని పక్కవాళ్లకు చెప్పాను. ఇది ఎక్కువగా శని, ఆదివారాల్లో, పొద్దుటి పూటే. బొంగరం ఎక్కువ చోట్ల సాయంత్రమే. రెండూ ఒకే టూరులో కావాలనుకుంటే దొరకడం కష్టం. నువ్వు తినేది చూసుకుని ఆదివారం పొద్దుటి టూరు తీసుకో. బొంగరం చూడ్డానికి డబ్బెందుకు, నార్వార్తే పేటలో ఎల్ విల్సితో అని ఉంది, పగలు మోటారు మెకానిక్ షెడ్డు, రాత్రయితే టాకోలు. ఎదురుగా నిలబడి చూస్తే పైసా అడగరు.

2024లో మిషెలిన్ స్టార్ (హోటళ్లకిచ్చే పేరున్న గుర్తింపు) వచ్చిన టాకో దుకాణం ఎల్ కాలిఫా దె లియోన్ గురించి కూడా రాశావు. 1968 నుంచి ఉంది, చిన్న గది, నిలబడి తినాలి. పేరు తెచ్చింది బీఫ్ టాకో. నీకు పనికిరాదు. డబ్బు మిగిలిందనుకో.

కారం గురించి ఒక్క మాట. మాది గుంటూరు జిల్లా అన్న పొగరుతో నారింజ రంగు సాల్సా (ఇక్కడి కారం పచ్చడి) చెంచాడు వేసుకున్నాను. అబనేరో మిరప. పది నిమిషాలు చెవులు వినపడలేదు. మిరప పుట్టింది ఈ గడ్డ మీదే, పోర్చుగీసువాళ్ల ఓడల మీద మనకు వచ్చింది. పుట్టింటివాళ్ల దగ్గర గొప్పలు పోతే అంతే. నోరు మండితే నీళ్లు తాగకు, అగ్వా దె హమైకా అడుగు. ఎర్రగా, పుల్లగా ఉంటుంది. గోంగూర మొక్కదే తమ్ముడూ! మనం ఆకు తింటాం, వీళ్లు పువ్వు రాలాక కాయను పట్టుకుని ఉండే ఎర్ర రేకులు ఎండబెట్టి కషాయం కాస్తారు. మార్కెట్లో కిలోల లెక్కన దొరుకుతాయి. మా ఆవిడ వాటితో పచ్చడి చేస్తుంది. ఇంటి నుంచి గోంగూర పచ్చడి పార్సిల్ తెప్పించుకునే ఖర్చు తప్పింది మాకు. ఎంత మిగిలిందో ఏడాది లెక్క రాసిపెట్టాను, కావాలంటే పంపిస్తాను.

బుకింగ్ దగ్గర జాగ్రత్త. డాలర్లలో చూపించే టూరే పెసోల్లో, స్పానిష్‌లో వెతికితే ఒక్కోసారి బాగా తక్కువకు దొరుకుతుంది. ఏటీఎం "మీ కరెన్సీలోకి మార్చమంటారా" అంటే వద్దను. కంపెనీవాళ్లు ఇచ్చే వాలెస్ దె దెస్పెన్సా (సరుకుల అలవెన్సు) కార్డు సూపర్ మార్కెట్లలో గీసుకో, బండి దగ్గర పనిచేయదు. 500 నోటు తీస్తే బండివాడు నిన్ను కాదు, ఆకాశాన్ని చూస్తాడు. చిల్లర పెట్టుకో. పొట్ట సంగతికొస్తే, జనం నిలబడి తింటున్న బండి దగ్గరే తిను, అంతకన్నా నాకు తెలీదు.

మొదటి చోట ఒక్కటే తిను. ఆకలిగా ఉన్నా ఒక్కటే.

చివర్లో గైడుకి టిప్పు ఇవ్వాలి. నేను ఆ రోజు ఇవ్వలేదు, 3,300లో ఉందనుకున్నాను. ఇద్దరికీ కలిపి 200 పెసోలు విడిగా జేబులో పెట్టుకెళ్లు. రూపాయల్లోకి మార్చకు. నేనే మార్చి చెప్తున్నాను, వెయ్యికి కాస్త అటూ ఇటూ.